శాండ్‌బ్లాస్టింగ్ పాత్రకు సేఫ్టీ వాల్వు

సేఫ్టీ వాల్వు లేదా రక్షక కవాటం అనగా, మూసివున్న పాత్రలోని గాలి లేక ఆవిరి నిర్ణీత పీడనాన్ని మించినప్పుడు తనంతట తానే తెరుచుకొని, ఎక్కువైన పీడనాన్ని బయటకు వదిలే సాధనం. ఫ్రెంచి శాస్త్రవేత్త డెనిస్ పాపిన్ 17వ శతాబ్దంలో తన ఆవిరి పాత్రకు బరువుతో పనిచేసే ఇటువంటి కవాటాన్ని అమర్చాడు. గాలి వేగంతో ఇసుకను చిమ్మి తుప్పును, పాత రంగును తొలగించే శాండ్‌బ్లాస్టింగ్ పద్ధతికి అమెరికాకు చెందిన బెంజమిన్ చ్యూ టిల్గ్‌మన్ 1870లో పేటెంటు పొందాడు. ఈ యంత్రాన్ని సొంతంగా తయారుచేసుకొనేవారు ఈ కవాటాన్ని విస్మరించడం ప్రాణాపాయానికి దారితీయగలదు.

ఆవశ్యకత

గొట్టం ద్వారా ఇసుకను పీల్చుకొనే రకం యంత్రంలో ఇసుక డబ్బాలో పీడనం ఉండదు. ఇసుక పాత్రలోకే సంపీడిత గాలిని పంపే రకంలో మాత్రం పాత్ర అంతా పీడనానికి లోనవుతుంది. చదరపు సెంటీమీటరుకు 7 కిలోల పీడనం వద్ద 30 సెం.మీ. వ్యాసం గల మూతపై పడే బలం దాదాపు 5 టన్నుల బరువుకు సమానం.

కంప్రెసరుకు ఎలాగూ వాల్వు ఉన్నది కదా అని కొందరు భావిస్తారు. అది కంప్రెసరు ట్యాంకును కాపాడటానికి ఉద్దేశించినది. ఆ వాల్వు 10 కిలోల వద్ద తెరుచుకొనేదై, ఇసుక పాత్ర 7 కిలోలకే తగినదైతే, నడుమనున్న రెగ్యులేటరు చెడిపోయిన రోజున దానివల్ల ప్రయోజనం లేదు.

ప్రెషర్ కుక్కరు మూతకుండే, వేడికి కరిగే బిళ్ళ కూడా ఇక్కడ పనికిరాదు. పీడనం ఎంత పెరిగినా ఈ పాత్రలోని గాలి ఆ బిళ్ళ కరిగేంత వేడెక్కదు.

అమరిక

స్ప్రింగుతో పనిచేసే, పీడనం అంకె ముద్రించి ఉన్న వాల్వునే వాడాలి. ఆ అంకె పాత్రకు అనుమతించిన గరిష్ఠ పీడనాన్ని మించరాదు. కంప్రెసరు నిమిషానికి ఎంత గాలిని పంపగలదో, కనీసం అంత గాలిని వాల్వు వదలగలగాలి. చిన్న వాల్వు తెరుచుకున్నా పీడనం పెరుగుతూనే ఉంటుంది. దీనిని ఇసుక మట్టానికి బాగా పైన, పాత్ర శిరోభాగంలో బిగిస్తారు. పాత్రకు, వాల్వుకు మధ్య ఏ విధమైన కుళాయీ ఉండరాదు. వదిలిన గాలి మనిషి ముఖం వైపు రాకూడదు.

ఈ యంత్రంలో వాల్వుకు ప్రధాన శత్రువు ఇసుకే. రేణువులు వాల్వు పీటపై చేరితే గాలి కారుతుంది, లేదా వాల్వు బిగుసుకుపోతుంది. అందుచేత తరచు దాని రింగు లాగి చూస్తుండాలి. కారుతున్నది కదా అని స్క్రూ బిగించడం, రంధ్రం మూయడం ఎంతమాత్రం తగదు, వాల్వును మార్చవలసిందే.

మూత తెరిచే ముందు గాలిని తీసివేయడానికి చేతితో తిప్పే కుళాయి వేరుగా ఉండాలి. గేజి సున్నా చూపినా, ఆ కుళాయి తెరిచి, గాలి చప్పుడు పూర్తిగా ఆగిన తరువాతే మూతను ముట్టుకోవాలి.

పరిమితులు

సేఫ్టీ వాల్వు అధిక పీడనం నుండి మాత్రమే రక్షిస్తుంది, బలహీనమైన పాత్రను బలపరచదు. ఇసుక రాపిడికి, తేమ వలన పట్టే తుప్పుకు లోపలి గోడ పలుచబడితే, వాల్వు తెరుచుకొనే పీడనానికి ముందే పాత్ర పగలవచ్చు. పాత వంటగ్యాసు సిలిండర్లను కోసి, వెల్డింగు చేసి ఇందుకు వాడటం ప్రమాదకరం. వాటిలో మిగిలిన గ్యాసు వెల్డింగు సమయంలోనే పేలవచ్చు. పైగా మన దేశంలో గృహావసర సిలిండర్లు ఆయిలు కంపెనీల ఆస్తి. పాత్ర బలాన్ని గాలితో కాక నీటితో నింపి పరీక్షిస్తారు. నీరు దాదాపుగా కుదించుకుపోదు కాబట్టి, పాత్ర పగిలినా ముక్కలు దూరంగా ఎగిరిపడే అవకాశం చాలా తక్కువ.