నక్కగారి పలకరింపు

"ఏమన్నాడండీ?" అంది మా ఆవిడ, కాఫీ గ్లాసు చేతికిస్తూ.

"మైనస్ 19 అన్నాడు."

"నాలుగు రాత్రులు నిద్ర మానుకున్నది ఇందుకా?"

ఇందుకే. అది 2018 జూలై మొదటివారం. పసిఫిక్ మహాసముద్రంలో, భూమధ్యరేఖ పక్కనే, బేకర్ అని చిన్న దీవి ఉంది. అమెరికావారిది. మనిషన్నవాడు అక్కడ కాపురముండడు. అలాంటి చోటికి కొందరు రేడియో పిచ్చివాళ్లు ఓడెక్కి వెళ్లి మకాం పెట్టారు. వాళ్లని పలకరించడానికి ప్రపంచంలోని మిగతా పిచ్చివాళ్లమంతా ఎగబడ్డాం. మా ఊరికీ ఆ దీవికీ 11 వేల కిలోమీటర్ల పైమాటే!

మేం పలకరించుకున్న పద్ధతి పేరు ఎఫ్‌టీ 8. 2017లో దీన్ని తెచ్చిన ఇద్దరిలో ఒకాయన జో టేలర్. కొత్తరకం పల్సార్‌ను కనుగొన్నందుకు 1993లో నోబెల్ బహుమతి పంచుకున్న శాస్త్రజ్ఞుడే. నక్షత్రాల గుసగుసలకు అలవాటుపడిన చెవి కదా మరి! గడియారం చూసుకుని 15 సెకన్లు వాళ్లు, 15 సెకన్లు మనం. పిలుపు పేరు, సిగ్నలు బలం, సెలవు. సంభాషణ అంతే. హోరులో మునిగి మన చెవికి ఆనని సిగ్నలుని కంప్యూటరు ఏరి తెరమీద పెడుతుంది. దీవిలో ఉన్నవాడిది 'నక్క' వేషం, పిలిచే మాది 'వేటకుక్కల' వేషం. నక్క ఒకేసారి ఐదుగురికి దాకా జవాబివ్వగలదు. ఆ ఏర్పాటుకి బేకర్ యాత్రే తొలి పెద్ద పరీక్ష.

తంతి ఆఫీసులో రిటైరైన మా పెదనాన్నకి సంబరంగా చెప్పాను. ఆయన పెదవి విరిచారు.

"1901లో మార్కోనీ అట్లాంటిక్ దాటించి విన్నదీ మూడు చుక్కలేరా. కాని చెవితో విన్నాడు. మోర్సులో చేతివాటాన్ని బట్టి మేం మనిషిని గుర్తుపట్టేవాళ్లం. నీ యంత్రం వాడి యంత్రంతో మాట్లాడింది, సరే. నువ్వెవరితో మాట్లాడావు?"

నాకు నోట మాట రాలేదు. పోర్టుబ్లెయిరు గుర్తొచ్చింది. ఒకప్పుడు అండమాన్ కూడా మాకు అందని దీవే. 2004 డిసెంబరులో హైదరాబాదులోని అమెచ్యూర్ రేడియో జాతీయ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం అక్కడినుంచి ప్రపంచాన్ని పలకరిస్తూండగా, 26న సునామీ విరుచుకుపడింది. వాళ్లు సరదా కట్టిపెట్టి క్షేమ సమాచారాలు చేరవేశారు. ఆనాడు కావలసింది సిగ్నలు బలం అంకె కాదు, "మీవాళ్లు బతికే ఉన్నారు" అన్న మాట.

అలాగని ఎఫ్‌టీ 8 మానలేదు. పెరట్లో కట్టిన ఒక్క తీగకి అంత దూరపు దీవి అందిందంటే దాని చలవే. కాకపోతే ప్రతి ఆదివారం పెదనాన్న దగ్గర మోర్సు పాఠం మొదలెట్టాను. ఆయన బల్లమీద వేలితో కొట్టేవారు, నేను కళ్లు మూసుకుని వినేవాణ్ణి.

రెండు నెలలకి ఓ మాట తప్పు లేకుండా పట్టాను.

"ఏమన్నారండీ?" అంది మా ఆవిడ.

"కాఫీ అన్నారు."

"ఇదీ మాటంటే!" అంటూ లేచింది.