వీధిబడి: అరుగు మీది నుంచి ఒంటిగదిలోకి

తెలుగు పల్లెల్లో ఒంటిగది బడి కంటే ముందు గదే లేని బడి ఉండేది. అయ్యవారి ఇంటి అరుగు మీదనో, గుడి మంటపంలోనో, ఏదీ కుదరకపోతే చెట్టు కిందనో అది సాగేది. ఓనమాలు, గుణింతాలు, ఎక్కాలు పిల్లలంతా గొంతెత్తి వల్లిస్తుంటే దారిన పోయేవాళ్లకు కూడా వినబడేవి. ఇలాంటి వీధిబడుల గురించి ఇవాళ కాస్త వివరంగా తెలుస్తోందంటే అందుకు మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో కలెక్టర్ల నుంచి లెక్కలు అడగడమే కారణం. 1826 నాటికి ఆ లెక్కలన్నీ కూడితే మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తం మీద 12,498 బడులు తేలాయి. అంటే సుమారు వెయ్యి మంది జనానికి ఒక బడి.

చాలామంది కలెక్టర్లు అంకెలు పంపి ఊరుకున్నారు. బళ్లారి కలెక్టరు క్యాంబెల్ మాత్రం 1823లో బడి లోపలి సంగతులు కూడా రాశాడు. తెలుగు వ్యాకరణం రాసిన పండితుడు కావడంతో ఏం చూడాలో అతనికి తెలుసు. ఇప్పటి అనంతపురం ప్రాంతం అప్పట్లో ఆ జిల్లాలోదే. జిల్లాలో 533 బడులుంటే వాటిలో తెలుగు చెప్పేవి 226, కన్నడం చెప్పేవి 235. విద్యార్థులు 6,641 మంది. బడికి పన్నెండు మంది చొప్పున పడతారు. అంతమందికి అరుగు చాలు.

అక్షరాభ్యాసం అయిదో ఏట. పళ్లెంలో బియ్యం పోసి, వినాయకుడికి పూజ చేసి, పిల్లవాడి వేలు పట్టుకుని ఆ బియ్యంలో రాయించేవారు. తరువాత నేల మీద ఇసుక పరిచి దిద్దించడం. చేయి తిరిగాక తాటాకు మీద గంటం, లేదా గంజి, బొగ్గుపొడి పట్టించి బిరుసెక్కించిన నల్లటి గుడ్డ మీద బలపం. రాసింది తుడిచి మళ్లీ రాసుకోవచ్చు కాబట్టి ఖర్చు లేదు. కాస్త చదువు వచ్చిన పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పేవారు. దాంతో అన్ని మెట్ల పిల్లలనూ అయ్యవారు ఒక్కరే చూసుకోగలిగేవారు. ఈ పద్ధతి క్యాంబెల్‌కు బాగా నచ్చింది. అంతకు ముందే మద్రాసులో అనాథ బాలుర పాఠశాల నడిపిన ఆండ్రూ బెల్, స్థానిక బడి పిల్లలు ఇసుకలో రాయడం చూసి ఆ కిటుకును తన బడిలో పెట్టాడు. 1797లో లండన్‌లో దాని గురించి పుస్తకం అచ్చు వేయించాడు. ఇంగ్లండులో అది మద్రాసు పద్ధతిగా చలామణి అయింది. అరుగు బడిని చూసి నేర్చుకున్న దేశమే ఆ తరువాత అరుగు బడికి పాఠాలు చెప్పబోయింది.

పొద్దున ఆరింటికే బడి. అందరికంటే ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్న, అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ. అక్కడి నుంచి వచ్చిన వరసను బట్టి ఒక్కొక్కటి పెరిగేది. మొండివాళ్లకు గుంజీళ్లు, ఇంకా ముదిరితే కోదండం. దూలానికి కట్టిన తాడు పట్టుకుని గాలిలో వేలాడాలి. చేతులు లాగి తాడు వదిలితే మళ్లీ బెత్తం.

ఈ బడి ఎవరిది? ఊరిది అనడం పూర్తిగా నిజం కాదు. బళ్లారి లెక్కలో ఎక్కువమంది బ్రాహ్మణ పిల్లలు కారు. హిందూ విద్యార్థులు 6,398 మందిలో శూద్ర కులాలవాళ్లే 3,024 మంది. కానీ జిల్లా మొత్తం మీద ఆడపిల్లలు అరవై మందే. అంటరానివారన్న కులాల పిల్లలకు అరుగు ఎక్కడమే కుదిరేది కాదు. చదువులోనూ లోటు ఉంది. పద్యాలు కంఠస్థం చేయించేవారే కానీ అర్థం చెప్పేవారు తక్కువని క్యాంబెల్ నొచ్చుకున్నాడు.

జీతం పిల్లవాడికి నెలకు పావలా, పై చదువుకు వస్తే అర్ధ రూపాయి. పంటల కాలంలో కొంత ధాన్యం అందేది. దసరాకు అయ్యవారు విల్లంబులు పట్టిన పిల్లలను వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరిగేవారు. ఆయనకు కానుకలు, పిల్లలకు పప్పుబెల్లాలు. అంతా ఊరివాళ్లు ఇచ్చే డబ్బు మీదే నడిచేది కాబట్టి ఊరు చితికితే బడీ చితికేది. ఇంగ్లండు బట్ట వచ్చి నేతగాళ్ల బతుకు పోయిందని, ఒకప్పుడు బడులున్న ఎన్నో ఊళ్లలో ఇప్పుడు లేవని కంపెనీ ఉద్యోగి అయిన క్యాంబెలే రాశాడు. ఆ లెక్కలు చూసి మన్రో జిల్లాకు, తాలూకాకు పెట్టించిన సర్కారు బడులు కూడా 1836లో మూతబడ్డాయి.

1850ల మధ్యలో గోదావరి డెల్టాలో ఒక ప్రయోగం జరిగింది. నరసాపురం ప్రాంతపు రైతులు శిస్తుతో పాటు బడి కోసం కొంత చెల్లించడానికి ఒప్పుకున్నారు. ఆనకట్ట నీళ్లతో డబ్బు కళ్లజూస్తున్న ఊళ్లు కావడం ఇందుకు కలిసొచ్చింది. దీనికి చట్టబలం ఇవ్వడానికి 1863లో ప్రత్యేక చట్టం చేశారు గానీ మిగతా జిల్లాల్లో అది పెద్దగా అందుకోలేదు. తరువాత వచ్చింది గ్రాంటు పద్ధతి. ఏటా ఇన్‌స్పెక్టరు వచ్చి పరీక్ష పెట్టేవాడు, ఎంతమంది నెగ్గితే అంత డబ్బు. అయ్యవారి చేతికి హాజరుపట్టీ వచ్చింది, గోడకు నల్లబల్ల ఎక్కింది, నెత్తిన కప్పు లేచింది. ఒంటిగది బడి అప్పుడు స్థిరపడింది. ఆ గది అవసరం అయ్యవారి కంటే తనిఖీకే ఎక్కువ అనిపిస్తుంది.

నిజాం రాజ్యంలో కథ వేరు. సర్కారు బడుల్లో ఉర్దూ రాజ్యమేలుతుంటే పల్లెల్లో తెలుగు చదువు చాలావరకు ఖాన్గీ బడుల్లోనే, అంటే ప్రైవేటు బడుల్లోనే మిగిలింది. 1920ల్లో వాటికీ ముందస్తు అనుమతి తప్పనిసరి చేశారు. ఎన్నో మూతపడ్డాయి. ఆ నిబంధనలు ఎత్తేయాలన్నది అక్కడి తెలుగువారి ఆంధ్రోద్యమపు ముఖ్యమైన కోరికల్లో ఒకటైంది.

స్వాతంత్ర్యం వచ్చాక ఏకోపాధ్యాయ పాఠశాలలు ఊరూరా లేచాయి. ఒకే గది, అయిదు తరగతులు, ఒకే పంతులు. పంతులు సెలవు పెడితే బడికే సెలవు. 1987లో కేంద్రం మొదలుపెట్టిన ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసం రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలంది. కాగితం మీద ఒంటిగది బడి కాలం అక్కడితో తీరింది. కొండల్లో, చిన్న పల్లెల్లో మాత్రం అది పోలేదు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం చుట్టుపక్కల పల్లెల్లో ఒంటిగది బడులే పెట్టి, వాటికి తగ్గ చదువు తయారుచేసింది. పాఠ్యపుస్తకాన్ని కార్డులుగా విడగొట్టి, ఎవరు ఏ మెట్టులో ఉంటే అక్కడి నుంచి సాగేలా గోడ మీద ఒక నిచ్చెన పటం కట్టారు. ఆ పద్ధతిని తరువాత ఇతర రాష్ట్రాల వాళ్లూ తమ బడులకు తీసుకెళ్లారు.