ఊదలేని పసిపాప ఊపిరితిత్తులను ఎలా పరీక్షిస్తారు?

పెద్దవాళ్లకైతే ఊపిరితిత్తుల పరీక్ష తేలికే. గొట్టం నోట్లో పెట్టుకుని, గుండెల నిండా గాలి పీల్చి బలంగా ఊదమంటారు. దాన్నే స్పైరోమెట్రీ అంటారు. చెప్పినట్టు ఊదడం పిల్లలకు అయిదారేళ్లు వస్తే గానీ సరిగా కుదరదు. మరి రెండు నెలల పాప ఆయాసపడుతుంటే ఎలా? నెలలు నిండకుండా పుట్టి, వారాల తరబడి ఆక్సిజన్ మీద ఉండి ఇంటికొచ్చిన బిడ్డ సంగతేమిటి? సూది గుచ్చకుండా, మత్తు ఇవ్వకుండా చేసే పరీక్షలు ఉన్నాయి. అయితే వాటిలో పరిశోధనలకు పనికొచ్చేవి వేరు, మీ బిడ్డకు వెంటనే పనికొచ్చేవి వేరు.

నిద్రలోనే కొలత

పాలు తాగి నిద్రపోయిన పాపకు ముక్కూ నోరూ కప్పేలా మెత్తటి మాస్కు పెడతారు. దానికున్న సెన్సర్ ఒక్కో శ్వాసలో ఎంత గాలి లోపలికి వెళ్తోంది, ఎంత వేగంగా బయటికొస్తోంది అనేది నమోదు చేస్తుంది. శ్వాసనాళాలు ఇరుకైతే విడిచే గాలి మొదట్లోనే గరిష్ఠ వేగానికి చేరి, తర్వాత నెమ్మదిస్తుంది. ఆ తేడాను బట్టి ఇబ్బందిని అంచనా వేస్తారు. ఇంకో పద్ధతిలో హాని చేయని వాయువును కొద్దిగా పీల్చనిచ్చి, అది పూర్తిగా బయటికి పోవడానికి ఎన్ని శ్వాసలు పడుతున్నాయో చూస్తారు. గాలి అన్ని మూలలకూ సమానంగా చేరకపోతే ఎక్కువ శ్వాసలు పడతాయి. పాప మధ్యలో నిద్ర లేస్తే మాత్రం మళ్లీ మొదటికే!

నార్వేలోని ఓస్లోలో పుట్టిన కొద్ది రోజులకే ఇలా కొలిచి, ఆ పిల్లలను పదేళ్ల వరకూ గమనించారు. పుట్టినప్పుడు కొలతలు తక్కువగా ఉన్నవారిలో ఆస్తమా ఎక్కువగా కనిపించింది. దక్షిణాఫ్రికాలోని పార్ల్ పట్టణంలో ఆరు నుంచి పది వారాల పిల్లలను మత్తు లేకుండా పరీక్షించారు. మొదటి ఏడాదిలో న్యుమోనియా లాంటి జబ్బు చేసిన పిల్లల ఊపిరితిత్తుల పనితీరు ఏడాది నిండేసరికి తగ్గి ఉంది. అంటే పసితనంలో వచ్చే నెమ్ము తగ్గిపోయాక కూడా దాని ప్రభావం మిగిలి ఉండొచ్చు.

ఇవి వందలాది పిల్లలను పోల్చి చూడటానికి గొప్పగా పనిచేస్తాయి. ఒక్క బిడ్డ విషయానికొస్తే ముక్కు దిబ్బడ, నిద్ర తీరు కూడా అంకెను మార్చేస్తాయి. అందుకే జలుబు చేసిన పాప కోసం ఈ పరీక్ష ఎక్కడ చేస్తారా అని వెతకక్కర్లేదు. దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బున్న పిల్లలకు అవసరమైతే స్పెషలిస్టే చెబుతారు.

ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు

ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. పాప నిద్రలోనో, ఏడవకుండా నిమ్మళంగా ఉన్నప్పుడో చొక్కా పైకెత్తి, పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. అర నిమిషం లెక్కించి రెండుతో గుణించొద్దు. పసిపిల్లలు కొన్ని సెకన్లు ఆగి, ఆ తర్వాత గబగబా పీల్చడం మామూలే కాబట్టి ఆ లెక్క తప్పుతుంది.

రెండు నెలల లోపు వారికి నిమిషానికి 60 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే మళ్లీ ఓసారి లెక్కించండి. అప్పుడూ అంతే ఉంటే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ల వరకు 40 దాటకూడని హద్దులు. డొక్కలు లోపలికి పోతున్నా, ముక్కుపుటాలు ఎగరేస్తున్నా, మూలుగుతున్నా, పాలు తాగలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా లెక్కతో పని లేదు. 108కి ఫోన్ చేయండి.

కొవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ క్లిప్పును పాప వేలికి పెట్టి భయపడేవారు, ధీమా పడేవారు ఇద్దరూ ఉన్నారు. అది పెద్దవాళ్ల వేలికి చేసింది. పసిపిల్లలకు పాదానికి చుట్టే ప్రోబ్ కావాలి. ఆసుపత్రిలో దాంతో చూసినప్పుడు 90 శాతం కంటే తక్కువుంటే ఆక్సిజన్ అవసరం. అంకె బాగున్నంత మాత్రాన న్యుమోనియా లేదని కాదు.

ప్రభుత్వం తరఫున ఏముంది?

ఆసుపత్రిలో కాన్పయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికొచ్చి బిడ్డను చూడాలి. శ్వాస లెక్కించడం ఆమె పనిలో భాగమే. అపార్ట్‌మెంట్లలో చాలామందికి తమ ఆశా ఎవరో కూడా తెలియదు. దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రంలోనో, హైదరాబాద్‌లో అయితే బస్తీ దవాఖానాలోనో అడిగితే చెబుతారు. పిల్లల న్యుమోనియా మరణాలు తగ్గించడానికి కేంద్రం 2019లో ‘సాన్స్’ కార్యక్రమం తెచ్చింది. జననీ శిశు సురక్ష కింద ఏడాదిలోపు పిల్లలు జబ్బు పడితే ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్షలు, మందులు, రవాణా ఉచితం.

ఆసుపత్రికి వెళ్లినప్పుడు నిమిషానికి ఎన్ని శ్వాసలు, ఏ సమయంలో లెక్కించారు, అప్పుడు పాప నిద్రలో ఉందా ఏడుస్తోందా, ఎన్నో వారంలో పుట్టింది అనే నాలుగు వివరాలు రాసి పట్టుకెళ్లండి. డొక్కలు లోపలికి పోవడం కనిపిస్తే పది సెకన్ల వీడియో తీసి డాక్టర్‌కు చూపించొచ్చు. వీడియో కోసం మాత్రం ఆలస్యం చేయొద్దు.