ఫైలు నుదుటిరాత

దూరాన ఏదో కేంద్రంలో నడుస్తున్న ప్రోగ్రాము మొరాయించిందని కబురొస్తుంది. దాన్ని రాసినవాళ్ల దగ్గర మూలప్రతులు పది రకాలున్నాయి. అక్కడ నడుస్తున్నది వాటిలో దేన్నుంచి తయారైంది? మూలప్రతిని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ నోట్లో పడి బయటికొచ్చిన ఫైలుకు ఊరూ పేరూ ఉండవు. మందు బిళ్లల అట్ట మీద బ్యాచ్ నంబరు లేకపోతే కంపెనీవాళ్లు ఎంత తికమకపడతారో, 1970ల మొదట్లో ప్రోగ్రామర్లదీ అదే తికమక.

అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రోచ్‌కైండ్ 1972లో దీనికొక మందు కనిపెట్టాడు. పేరు సోర్స్ కోడ్ కంట్రోల్ సిస్టమ్, పొట్టిగా ఎస్‌సీసీఎస్. ముందు ఐబీఎం సిస్టమ్/370 మీద స్నోబాల్4 భాషలో రాసి, మరుసటి ఏడాది పీడీపీ-11 మీద యూనిక్స్ కోసం సి భాషలో తిరగరాశాడు. పాత వెర్షన్లన్నీ దాచి పెట్టడం దాని ముఖ్యమైన పని. అయితే 1975 డిసెంబరులో ఐఈఈఈ పత్రికలో అచ్చయిన వ్యాసంలో ఆయన మరో పనినీ అంతే గట్టిగా చెప్పుకున్నాడు: తయారైన ప్రోగ్రామును చూసి అది ఏ వెర్షనో చెప్పగలగడం.

కిటుకు చిన్నదే. ప్రోగ్రామర్ తన ఫైల్లో ఒక అక్షరాన్ని రెండు పర్సెంట్ గుర్తుల మధ్య రాసి వదిలేస్తాడు. కంపైల్ చేయడానికని ప్రతి తీసినప్పుడు ఎస్‌సీసీఎస్ ఆ అక్షరం చోట ఫైలు పేరో, వెర్షన్ నంబరో, తేదీయో నింపుతుంది. వీటికి ముందు @(#) అనే ఆనవాలు పెడుతుంది. మామూలు ఫైల్లో ఈ నాలుగు గుర్తులూ ఇదే వరసలో ఎదురుపడటం అరుదు కాబట్టే వాటిని ఎంచుకున్నారు. ‘వాట్’ అనే చిన్న కమాండ్ తయారైన ప్రోగ్రామంతా జల్లెడపట్టి, ఈ ఆనవాలు తగిలిన చోటల్లా దాని వెనకున్న రాతను చదివి చెబుతుంది. కంపైలయ్యాక కూడా ఆ రాత మిగలాలంటే దాన్నొక వేరియబుల్లో పెట్టాలి. వాడని వేరియబుల్ ఎందుకని తప్పులు వెతికే ‘లింట్’ సణిగేది. దాని కంట పడకుండా ముద్ర చుట్టూ ప్రత్యేకంగా ఓ తెర కట్టేవారు. బర్క్‌లీ యూనిక్స్ ఫైళ్లలో ఆ తెరలూ, 1993 నాటి తేదీలూ కనిపిస్తాయి.

ఇందులో నాకు బాగా నచ్చింది వేరే ఉంది. మార్పులు చేయడానికని ప్రతి తీస్తే ఎస్‌సీసీఎస్ ఆ ఖాళీలు నింపదు. ఎవరైనా తొందరపడి ఆ సగం మార్చిన ప్రతినే కంపైల్ చేసి పంపితే, అందులో వెర్షన్ నంబరు ఉండదు. నంబరు లేకపోవడమే సాక్ష్యం.

1980ల మొదట్లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో వాల్టర్ టిచీ తయారుచేసిన ఆర్‌సీఎస్ ఈ పద్ధతిని సుఖంగా మార్చింది. పర్సెంట్ పోయి డాలర్ వచ్చింది. రెండు డాలర్ల మధ్య ‘ఐడీ’ అని రాస్తే చాలు, ఫైలు పేరు, వెర్షన్, తేదీ, చివరిగా చేర్చినవారి పేరు వచ్చి కూర్చుంటాయి. డాలర్లు చెరిగిపోవు కాబట్టి తర్వాతి వెర్షన్‌లో అదే చోట కొత్త వివరాలు పడతాయి. సుఖంతో పాటే అబద్ధమూ చేరింది. ఫైల్లో ఎన్ని మార్పులు చేసినా, తిరిగి అప్పగించేదాకా నుదుటిమీద పాత నంబరే ఉంటుంది.

‘లాగ్’ అనే మరో ముద్ర సంగతి చెప్పనక్కర్లేదు. ఎవరేం మార్చారో ఆ కథనంతా తెచ్చి ఫైల్లోనే పేర్చేది. కొన్ని ఫైళ్లలో కోడ్ కన్నా పురాణమే పొడుగైంది. డిక్ గ్రూన్ 1986లో మొదలుపెట్టగా 1989లో బ్రయన్ బెర్లినర్ సి భాషలో రాసిన సీవీఎస్ అనే ఇలాంటి సాధనం కాలానికి ఒకే ఫైలును ఇద్దరు ఒకేసారి మార్చడం మామూలైంది. ఇలా వేర్వేరుగా మారిన రెండు శాఖల్ని కలిపేటప్పుడు అసలు కోడ్‌లో పేచీ లేకపోయినా ముద్రల్లో నంబర్లు వేరు కాబట్టి గొడవ. ఫొటో ఫైలును బైనరీ అని చెప్పకుండా చేర్చితే మరీ అన్యాయం: అందులో డాలర్ల వరస యాదృచ్ఛికంగా ఎదురైనా సీవీఎస్ వచ్చి దాన్ని నింపేది, బొమ్మ పాడయ్యేది. ఆ తర్వాత వచ్చిన సబ్‌వర్షన్ బుద్ధిగా, అడిగితే తప్ప ముద్ర వేయనంది.

2005లో లైనస్ టోర్వాల్డ్స్ గిట్ రాసినప్పుడు ఈ ముద్రలకు దాదాపు తలుపు మూసేశారు. అందులో ప్రతి మార్పు గుర్తింపు నంబరూ ఫైళ్లలో ఉన్నదాన్ని బట్టే లెక్కగట్టి వస్తుంది. ఆ నంబరును తెచ్చి ఫైల్లోనే రాస్తే ఫైలు మారుతుంది, దాంతో నంబరూ మారుతుంది. ఇక ఆ చక్రానికి అంతెక్కడ? ఐడీ ముద్ర కావాలని పట్టుబడితే గిట్ ఆ ఫైలు సారాంశపు సంఖ్య ఒక్కటి ఇస్తుంది. ఎవరు, ఎప్పుడు అన్నది అందులో దొరకదు. ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లు 2020 డిసెంబరులో తమ మూలప్రతిని గిట్‌కు మార్చుకున్నారు. ఏ పనీ చేయని డాలర్ ముద్రలను వేలాది ఫైళ్లలోంచి 2023 ఆగస్టులో ఊడబెరికారు.

రోచ్‌కైండ్ అవసరం మాత్రం ఎక్కడికీ పోలేదు. అసలు ముద్ర పడాల్సింది తయారైన సరుకు మీద. దాన్ని మూలప్రతి నెత్తినెక్కించడం వల్లే ఈ తంటాలన్నీ వచ్చాయి. ఇప్పుడది బిల్డ్ చేసే ఘడియలో పడుతోంది. ఇలా ముద్ర వేసే సదుపాయం పెట్టి తయారుచేసిన లైనక్స్ కెర్నల్‌ను వెర్షన్ అడిగితే, ‘జి’ అక్షరం వెనక గిట్ సంఖ్య జోడించి చెబుతుంది. అప్పగించని మార్పులుంటే చివర ‘డర్టీ’ అని తగిలిస్తుంది. 2022 మార్చిలో వచ్చిన గో భాష 1.18 వెర్షన్ ఈ వివరాలను ఎవరూ అడగకుండానే ప్రోగ్రాములో పొదుగుతుంది. మూలప్రతిలో చెయ్యి పెట్టి బిల్డ్ చేశారా లేదా అన్నది కూడా అందులోనే ఉంటుంది.