పాప్, ఐమ్యాప్: మెయిల్ అసలు ప్రతి ఎక్కడుంటుంది?

థండర్‌బర్డ్ వంటి మెయిల్ ప్రోగ్రామ్‌లో ఖాతా కలిపేటప్పుడు పాప్, ఐమ్యాప్ అని రెండు దారులు కనిపిస్తాయి. చాలామంది చూడకుండానే ఏదో ఒకటి నొక్కేస్తారు. తేడా చిన్నది కాదు.

సర్వర్‌లోని మెయిళ్లను కంప్యూటర్‌లోకి దించుకుని, అక్కడ చెరిపేయడం పాప్ మొదటి నుంచీ అనుసరించిన పద్ధతి. నిమిషాల లెక్కన బిల్లు పడే డయలప్ రోజుల్లో అది సబబే. ఇప్పుడు మాత్రం ఆ హార్డ్ డిస్క్ పాడైతే ఏళ్లనాటి మెయిళ్లూ దాంతోపాటే పోతాయి, ఫోన్‌లో ఎంత వెతికినా దొరకవు. పాప్ తప్పనిసరైతే, సర్వర్‌లోనూ ప్రతులు ఉంచే సెట్టింగ్‌కు ముందే టిక్ పెట్టుకోవాలి.

1986లో స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ రూపొందించిన ఐమ్యాప్‌లో అసలు ప్రతి సర్వర్‌లోనే ఉంటుంది. ఫోన్‌లో చదివితే ల్యాప్‌టాప్‌లోనూ చదివినట్టే. ఒకచోట చెరిపితే అన్నిచోట్లా పోతుంది కూడా, కాబట్టి దీన్ని బ్యాకప్ అనుకోకూడదు.

సురక్షిత కనెక్షన్‌కు ఐమ్యాప్ పోర్టు 993, పాప్ పోర్టు 995. మెయిల్ పంపే పని వీటిది కాదు, ఎస్‌ఎంటీపీది. దాని పోర్టు 465 లేదా 587. మెయిళ్లు వస్తున్నా పంపినవి వెళ్లకపోతే ముందు చూడాల్సింది ఈ వివరాలే.

జీమెయిల్ అయితే గూగుల్ లాగిన్ పేజీలోనే అనుమతి ఇవ్వాలి. ఆ సదుపాయం లేని పాత ప్రోగ్రామ్‌కు, రెండంచెల ధ్రువీకరణ పెట్టుకున్నాక వచ్చే యాప్ పాస్‌వర్డ్ కావాలి.