చౌడు నేల నుంచి తూటా దాకా

గురి నేర్చుకునే పిల్లలకు తూటా ఎందుకంత ప్రియమైంది? అనంతపురం పీఠభూమిలో దీనికి మూడు శతాబ్దాల జవాబు ఉంది.

గుత్తి కొండ మీది శిథిలాల్లో రెండు కట్టడాలను ఈనాటికీ చూపిస్తారు. ఒకటి వ్యాయామశాల అంటారు, రెండోది మందుగుండు కొట్టు అంటారు. 18వ శతాబ్దంలో ఈ కోటను ఏలిన మరాఠా దొర మురారిరావు ఘోర్పడే 1776లో హైదరలీ ముట్టడికి తట్టుకోలేకపోయాడు. కొండమీద నీళ్లు అడుగంటాయి. కోట లొంగిపోయింది. మురారిరావు కబ్బాళదుర్గంలో ఖైదీగానే కన్నుమూశాడు. వానకు మొహం వాచిన ఈ గడ్డ మీద కోటను నిలబెట్టినవి నీళ్లూ మందుగుండే. రెంటికీ ఎప్పుడూ కాపలా తప్పలేదు.

ఇప్పుడు ఆ మందుగుండు మాట ప్రపంచమంతటా క్రీడాకారుల నోట వినిపిస్తోంది. 2020 నుంచి తూటాల ధరలు పెరిగాయి. పేల్చిన తూటా తొడుగులో మళ్లీ మందు నింపుకుని ఖర్చు తగ్గించుకునే అమెరికా షూటర్లకు కూడా ఒక దశలో మందు దొరకలేదు, దాన్ని అంటించే క్యాపులూ దొరకలేదు. మన దేశంలో ఆ వెసులుబాటే లేదు. ఎందుకు లేదో తెలియాలంటే అనంతపురం చరిత్రను మందుగుండు వైపు నుంచి చదవాలి. అలా చదివితే ఒక సంగతి తేటపడుతుంది. ఇక్కడ మందు ధరను అంగడి ఒక్కటే ఏనాడూ నిర్ణయించలేదు. రాజ్యమో యుద్ధమో నిర్ణయించింది. భారం మాత్రం చేను కాచుకునే రైతు మీదా, గురి నేర్చుకునే పిల్లల మీదా పడింది.

కరువు నేల ఇచ్చిన ఉప్పు

పాతకాలపు తుపాకి మందులో నూటికి 75 పాళ్లు పెట్లుప్పు, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం. బొగ్గు ఎక్కడైనా కాల్చుకోవచ్చు. గంధకం బయటినుంచి తెచ్చుకోవాలి. అసలు సరుకు పెట్లుప్పు. కొన్ని ప్రాంతాల్లో దీన్నే సురేకారం అంటారు.

పశువుల మూత్రం, పెంట ఏళ్ల తరబడి ఇంకిన పాత ఊరి దిబ్బల్లో, కూలిన మట్టిగోడల అడుగున ఇది పుడుతుంది. వాన ఎక్కువ పడే చోట నీళ్లతో కొట్టుకుపోతుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లకు మించని వానతో బతికే అనంతపురం లాంటి సీమలో మట్టిలోనే నిలుస్తుంది. ఆ మట్టిని తవ్వి, నీళ్లు పోసి వడగట్టి, ఆ నీటిని కాచి చల్లారిస్తే పలుకులు కడుతుంది. పంటకు పనికిరాని చౌడు నుంచి ఉప్పు తీసి బతికినవారు ఉప్పరవారు. చెరువులు తవ్విన చేతులూ వారివే. కరువు సీమకు నీళ్లు నిలిపినవారే మట్టిలోంచి ఉప్పు తీయడమూ నేర్చారు.

ఈ సరుకు విలువ ఈస్టిండియా కంపెనీకి బాగా తెలుసు. ప్లాసీ యుద్ధం ముగిసిన మరుసటేడే, 1758లో, బీహారు పెట్లుప్పు వ్యాపారాన్ని కంపెనీ పూర్తిగా తన గుప్పిట్లోకి తెచ్చుకుంది. ఐరోపా యుద్ధాల్లో పేలిన మందులో పెద్ద భాగం ఆ ఉప్పుదే. పెట్లుప్పు ఎవరి చేతిలో ఉంటే తుపాకి మందు ధర వారి చేతిలో ఉన్నట్టే. రాయలసీమలో ఆ రోజు రావడానికి మరికొంత కాలం పట్టింది.

ఎనభై మంది పాలెగాళ్లు

1800 అక్టోబరులో నిజాం ఈ ప్రాంతాన్ని కంపెనీకి దత్తం చేశాడు. దత్త మండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో అనంతపురాన్ని కేంద్రంగా చేసుకుని 1807 దాకా పాలించాడు. ఆయన వచ్చేనాటికి ఈ మండలాల్లో 80 మంది పాలెగాళ్లు, వారి కింద సుమారు 30,000 మంది ఆయుధం పట్టిన బంట్లు ఉన్నారు. బురుజు లేని ఊరు అరుదు. వత్తి అంటించి పేల్చే తుపాకి పాలెగాడి బలం, ఊరి కాపలా, వేటగాడి పనిముట్టు కూడా.

మేజర్ జనరల్ డుగాల్డ్ క్యాంప్‌బెల్ సైన్యం ఏడాదిన్నరలో పాలెగాళ్లను అణచివేసింది. కోటలు కూలగొట్టారు, కొందరికి భరణాలు కట్టారు, ఎదురుతిరిగినవారిని తరిమారు. రైత్వారీ పద్ధతికి పేరొందిన మన్రో పాలనకు ఇది రెండో ముఖం. శిస్తు సరిగ్గా రావాలంటే ఊళ్లో తుపాకి కంపెనీకి లోబడి ఉండాలి.

ఆ లెక్క అంత తేలిగ్గా ముగియలేదు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీద పడినప్పుడు, ఇనాం భూములు పోగొట్టుకున్న కట్టుబడి బంట్రోతులు ఆయన వెంట నడిచారు. 1847 ఫిబ్రవరి 22న ఆయనను బహిరంగంగా ఉరితీశారు. 1857 తిరుగుబాటు తర్వాత ఆయుధాల మీద దేశమంతటా చట్టం బిగుసుకుంది.

సీసం, గంధకం, పెట్లుప్పు

1876 నుంచి 1878 దాకా దత్త మండలాల్లో ఘోర కరువు. అనంతపురం అప్పటికి బళ్లారి జిల్లాలో భాగం. ప్రత్యేక జిల్లా అయింది 1882లో. ఊళ్లు ఖాళీ అవుతున్న ఆ రోజుల్లోనే వైస్రాయి లిట్టన్ ప్రభుత్వం 1878 ఆయుధాల చట్టం తెచ్చింది. లైసెన్సు లేనిదే తుపాకి పట్టరాదంది. ఐరోపా వాళ్లకు మినహాయింపు ఇచ్చింది, భారతీయులకు లైసెన్సు షరతు పెట్టింది.

ఈ చట్టంలో చాలామంది చూడని వాక్యం ఒకటుంది. ‘సైనిక సామగ్రి’ నిర్వచనంలోకి సీసం, గంధకం, పెట్లుప్పులను కూడా తేగల అధికారం గవర్నర్ జనరల్‌కు ఇచ్చింది. అంటే తుపాకి ఒక్కటే కాదు, దాన్ని మళ్లీ నింపుకునే ముడిసరుకు కూడా సర్కారు చేతిలోకి వెళ్లింది. చౌడుమట్టి నుంచి ఉప్పు తీసి బతికినవారి పొయ్యిలను ఉప్పు పన్ను చల్లార్చింది. తుపాకి మందుకు కావలసిన ఉప్పు మీద ఆయుధాల చట్టం నీడ పడింది.

1887లో మద్రాసులో జరిగిన మూడో కాంగ్రెస్ మహాసభ ఈ చట్టాన్ని సడలించాలని తీర్మానించింది. చట్టం ప్రజలకు తెస్తున్న కష్టాలను ఆ సభ ఎత్తిచూపింది. అడవిపందులు, జింకల మందలు చేలమీద పడే పీఠభూమిలో ఆ కష్టం ఎంతటిదో రైతుకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఒకే సెక్షన్‌లో రైతూ, క్రీడాకారుడూ

స్వతంత్ర భారతం 1959లో కొత్త ఆయుధాల చట్టం చేసింది. తెల్లవాడికి మినహాయింపు పోయింది. పాత చట్టంలోని జాగ్రత్త మాత్రం మిగిలింది. తూటా భాగాలు, తూటాలు తయారుచేసే యంత్రాలు కూడా చట్టం దృష్టిలో మందుగుండే. ప్రభుత్వం నోటిఫై చేసే ముడిసరుకూ ఆ లెక్కలోకే వస్తుంది. లైసెన్సు లేకుండా తయారు చేస్తే, 2019 సవరణ తర్వాత కనీసం ఏడేళ్ల జైలు, యావజ్జీవం దాకా పెంచే వీలుంది. అమెరికాలో సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. రెండు దేశాల షూటర్ల ఖర్చులో తేడాకు ఇదొక మూలం.

అదే 1959 చట్టం 13వ సెక్షన్ ఇద్దరిని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకుంది. ఒకరు పంట కాపలా కోసం గొట్టం మూతి నుంచి మందు దట్టించే తుపాకి అడిగే రైతు. ఇంకొకరు గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్బులో గురి సాధన కోసం .22 రైఫిల్ అడిగే సభ్యుడు. చేను, క్రీడ ఒకే సెక్షన్‌లో పక్కపక్కనే నిలిచాయి.

రైతు తుపాకి కథ నేడు దాదాపు ముగిసింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు కళ్లెం వేసింది. అనంతపురం పల్లెల్లో వేరుశనగ చేలు మేసే కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. దాన్ని చంపడం నేరం, చంపకూడదు కూడా. ఎన్నికలు వచ్చినప్పుడు లైసెన్సు తుపాకిని సాధారణంగా పోలీసు స్టేషన్లో అప్పగించాల్సి వస్తుంది. అందుకే రైతు మంచె ఎక్కి, డబ్బా మోగించి, రాత్రంతా కాపలా కాస్తున్నాడు. కొందరు పందుల కోసం నాటుబాంబులు పెడుతున్నారు. వాటిని కొరికి నోరు పగిలిన ఆవులు, చేతులు పోగొట్టుకున్న మనుషులు సీమకు కొత్త కాదు. ముఠాకక్షల కాలంలో బాంబులు చుట్టిన చేతులను చూసిన గడ్డ ఇది. ఇంట్లో మందు నూరుకునే స్వేచ్ఛ కావాలని ఇక్కడ ఎవరూ అడగలేరు.

పత్తి పీచు, చైనా ఆంటిమొనీ

నేటి తూటాలో నాలుగు భాగాలు: ఇత్తడి తొడుగు, అడుగున క్యాపు, లోపల పొగలేని మందు, మూతిన సీసపు గుండు. తొడుగు నాశనం కాదు కాబట్టి మిగిలిన మూడూ మార్చుకుంటే తూటా చవకగా వస్తుంది. తూటాలు నింపుకోవడంలోని లాభమంతా ఇదే.

పొగలేని మందుకు మూలం నైట్రోసెల్యులోజ్. దాన్ని పత్తి గింజకు జిన్నింగ్ తర్వాత కూడా అంటి ఉండే పొట్టి పీచుతో చేస్తారు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఫిరంగి గుండ్ల కోసం ఐరోపా, అమెరికా కర్మాగారాలు ఆ మందును తోడేసుకున్నాయి. ఐరోపాకు ఆ పీచులో ఎక్కువ చైనా నుంచే రావాలి. మరోవైపు, సీసపు గుళ్లు గట్టిపడటానికి కలిపే ఆంటిమొనీ ఎగుమతి మీద చైనా 2024 సెప్టెంబరు 15 నుంచి ఆంక్షలు పెట్టింది. ప్రపంచ ఉత్పత్తిలో దాదాపు సగం ఆ దేశానిదే. క్యాపుల్లోనూ ఆంటిమొనీ సమ్మేళనం వాడతారు. యుద్ధానికీ క్రీడకూ ఒకే సరుకు కావలసినప్పుడు క్రీడ వెనుక వరుసలోనే నిలబడుతుంది.

మన షూటరుకు ఇంకో చిక్కు ఉంది. 50 మీటర్ల రైఫిల్, 25 మీటర్ల పిస్టల్ పోటీల్లో వాడే .22 తూటాకు క్యాపు విడిగా ఉండదు. పేలే మందు తొడుగు అంచులోనే ఉంటుంది కాబట్టి అది మళ్లీ నింపుకునే రకం కాదు. ఎన్ని చట్టాలు సడలించినా దాన్ని కొనాల్సిందే. పోటీ స్థాయి తూటాలు ఇంగ్లండు, జర్మనీ నుంచి దిగుమతి అవుతాయి. రూపాయి పడిపోయిన ప్రతిసారీ గురి సాధన ఖర్చు పెరుగుతుంది.

ట్రాప్ షూటింగు లెక్క మరీ బరువు. అర్హత పోటీలో 125 మట్టి పళ్లేలు ఎగురుతాయి. ఒక్కోదానికి రెండు తూటాల దాకా పేల్చవచ్చు. అంటే ఒక్క పోటీకి 250 తూటాల దాకా సిద్ధంగా ఉండాలి. సాధన దానికి ఎన్నో రెట్లు. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో జట్టు స్వర్ణం, వ్యక్తిగత కాంస్యం తెచ్చిన హైదరాబాదు షూటర్ కైనన్ చెనాయ్ పతకం వెనుక ఇంత మందు కాలింది.

అందుకే సామాన్యుల పిల్లలు ఎక్కువగా 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్ దగ్గర మొదలుపెడతారు. దానికి మందు అక్కర్లేదు, 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్ చాలు. 2012 లండన్‌లో గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది ఎయిర్ రైఫిల్‌లోనే. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టల్ దాకా ఎదిగింది. గుంటూరు కుర్రాడు ముఖేశ్ నేలవల్లి 2024లో లిమా జూనియర్ ప్రపంచ పోటీల్లో పతకాలు తెచ్చాడు. తెలుగు పిల్లల గురికి కొదవ లేదు. ఎయిర్ పిస్టల్ నుంచి అసలు పిస్టల్‌కు మారే మెట్టు దగ్గరే తల్లిదండ్రుల జేబు ఆగిపోతుంది.

సర్కారు చేయవలసింది

1878లో మందు ముడిసరుకును చేతుల్లోకి తీసుకున్న రాజ్యం దాని ధరకు కూడా బాధ్యత వహించాలి. ఇంట్లో తూటాలు నింపుకునే హక్కు వద్దన్నప్పుడు, నింపిన తూటా అందే ధరకు ఇవ్వవలసిన బాధ్యత కూడా అదే రాజ్యానిది. 2021 అక్టోబరులో ఆయుధ కర్మాగారాల బోర్డును ఏడు సంస్థలుగా విడగొట్టినప్పుడు మందుగుండు తయారీ పుణె కేంద్రంగా ఉన్న మ్యూనిషన్స్ ఇండియాకు దక్కింది. దేశంలో 12 బోరు తూటాలు చేయగల నైపుణ్యం ఖడ్కీ కర్మాగారానికి ఎప్పటినుంచో ఉంది. పోటీ స్థాయి ట్రాప్ తూటాలు, .22 తూటాలు అక్కడే తయారుచేసి, గుర్తింపు పొందిన క్లబ్బులకు అసలు ధరకు ఇవ్వడం అసాధ్యం కాదు. తొడుగుల్లో మళ్లీ నింపే పనిని కూడా క్లబ్బు ఆవరణలో, లైసెన్సు పొందిన ఆర్మరర్ చేతుల మీదుగా, రిజిస్టరు రాసి చేయించవచ్చు. ఇంటి గోడల మధ్య మాత్రం వద్దు.

అనంతపురంలో పోలీసు శిక్షణ కళాశాల ఉంది. ఆటలకు పేరొందిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్డీటీ) క్రీడాగ్రామం ఉంది. ఈ జిల్లా బడిపిల్లలకు ఒక ఎయిర్ రైఫిల్ రేంజి, ఏడాదికి సరిపడా పెల్లెట్లు ఇవ్వడం ప్రభుత్వానికి పెద్ద ఖర్చు కాదు. మన్రో కాలంలో ఈ సీమ తుపాకులను రాజ్యం తీసుకుంది. ఆ నిర్ణయంలో మంచీ ఉంది, చెడూ ఉంది. నేడు కావలసింది క్రమశిక్షణతో గురి నేర్పే చోటు, దానికి అందే ధరలో తూటా. ఆ రెండూ రాష్ట్ర క్రీడాశాఖ రానున్న బడ్జెట్‌లోనే మొదలుపెట్టాలి.