ముందు ఇరుసుకు పని చెప్పే రాడ్డు

మా రెడ్డిగూడెం ప్రాంతపు మామిడి తోటల్లో ఇప్పుడు నాలుగు చక్రాలూ లాగే ట్రాక్టర్లు తరచుగా కనబడుతున్నాయి. “ఫోర్ వీల్ రాడ్డు ఎప్పుడూ వేసే ఉంచితే నష్టమేమిటి మాస్టారూ?” అని అడిగేవారున్నారు. తెలుగు పంతులుకు యంత్రాల గొడవ ఎందుకని మీరనవచ్చు. కానీ ఈ ప్రశ్న వెనుక చాలా పాత చరిత్ర ఉన్నది.

ఎడ్లబండిని తలచుకోండి. ఇరుసు తిరగదు, చక్రాలు రెండూ దానిపై విడివిడిగా తిరుగుతాయి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలిది తక్కువ దూరం పోతుంది. దేని దారి దానిది. ఇంజను వచ్చి ఇరుసునే తిప్పనారంభించాక ఆ స్వేచ్ఛ పోయింది. దానిని తిరిగి ఇచ్చినది డిఫరెన్షియల్. ఫ్రాన్సులో గడియారాల పనివాడైన పెకర్, పెట్రోలు కారు పుట్టకముందే, 1827లో దానికి పేటెంటు పొందాడు!

రెండు ఇరుసులనూ ఇంజనే తిప్పితే తగవు మళ్ళీ మొదలు. మలుపులో ముందు చక్రాలు వెనుక వాటికంటె పెద్ద వలయంలో పోతాయి. 1941లో యుద్ధానికై తయారైన విల్లీస్ జీపులో ఈ తేడాను సర్దే డిఫరెన్షియల్ నడుమ లేదు. అందుకు బదులు గేరు రాడ్డు పక్కన మరి రెండు చిన్న రాడ్లు పెట్టారు. ఒకటి ముందు ఇరుసును కలుపుతుంది, విడదీస్తుంది. రెండవది వేగం తగ్గించి బలం పెంచుతుంది. 1947 నుండి బొంబాయిలో మహీంద్రా వారు బిగించిన జీపులతో ఈ ఏర్పాటు మన దేశంలో వ్యాపించింది.

బురదలో టైరు కొద్దిగా జారి ఆ తేడాను దిగమింగుతుంది. తారురోడ్డు మీద జారదు. అప్పుడు మెలి అంతా పళ్ళచక్రాలలో బిగుసుకుంటుంది, స్టీరింగు బరువెక్కుతుంది, టైర్లు అరుగుతాయి. చివరకు రాడ్డు కూడా ఊడిరాదు. బండిని కాస్త వెనక్కు నడిపితే వదులవుతుంది.

ట్రాక్టరు సంగతి మరీ విచిత్రం. ముందు చక్రాలు చిన్నవి. పైగా వెనుక వాటికంటె కొంచెం ముందుకు లాగేటట్లు వాటి లెక్క కడతారు. కనుక దుక్కిలో వేసిన రాడ్డును తీయకుండా నున్న మార్కెట్టు దాకా కాయల ట్రక్కు లాగితే ముందు టైర్ల ఆయుర్దాయం రోడ్డు పాలే. నిటారు పల్లంలో దిగేటప్పుడు మాత్రం వేసి ఉంచడమే క్షేమం. చాలా ట్రాక్టర్లకు బ్రేకులు వెనుక చక్రాలకే. రాడ్డు వేస్తే ముందు చక్రాలూ ఆపడానికి తోడ్పడతాయి.

ఇంగ్లండులో 1966లో వచ్చిన జెన్సెన్ కారు, 1980లో జర్మనీ ఆడీ క్వాట్రో నడుమ కూడా డిఫరెన్షియల్ అమర్చాయి. ఆ జాతి కార్లలో విడదీయవలసిన పనే లేదు. రాడ్డు ఉన్న బండికే ఈ విచక్షణ. అది నడిపేవాని చేతిలో ఉన్నది.